రైలు వచ్చినప్పుడే దగ్గాలి

వీడియో అన్న పోయినాడని రాయచోటి నుంచి ఆయన చిన్నకూతురు ఫోన్ చేసింది. నేనప్పుడు కువైట్‌లోని అబ్బాసియాలో నా కుట్టుమిషన్ ముందు కూర్చుని ఎవరిదో పెళ్ళి జాకెట్టుకు చేతులు అతుకుతున్నాను. "అత్తా, అబ్బా పొద్దున నమాజుకు లేయలేదు. పిలిచి పిలిచి దగ్గరికి పోయి చూసినా" అని ఆగిపోయింది. తర్వాత ఏం మాట్లాడామో నాకు సరిగ్గా గుర్తులేదు. ఫోన్ పెట్టేశాక రెండో చెయ్యి కూడా అతికాను. విప్పి చూస్తే తిరగేసి కుట్టి ఉంది.

ఆయన నాకు తోడబుట్టినవాడు కాదు. మా మతం వేరు, మా ఊళ్ళు వేరు. పెళ్ళయిన కొత్తలో నా భర్త వెంట కువైట్ వచ్చి, ఒక పాత భవనంలో మొదటి అంతస్తులో దిగినప్పుడు కింద వీడియో షాపు నడుపుతుండేవాడు. మెట్ల దగ్గర నన్ను చూసి "ఏ ఊరు చెల్లెమ్మా?" అని అడిగాడు. కడప దగ్గర మా పల్లె పేరు చెప్పాను. "అయితే మనోళ్ళే" అన్నాడు. అంతే. ఆ రోజు నుంచి ఆయన అన్న, నేను చెల్లెమ్మ.

ఈ రోజుల పిల్లలకు వీడియో షాపు అంటే తెలియకపోవచ్చు. మూడు గోడల నిండా కేసెట్లు, మధ్యలో ఒక టీవీ, కేసెట్లు వేసే డెక్కు. శుక్రవారం సెలవు దొరికిన మనవాళ్ళంతా అక్కడే ఉండేవాళ్ళు. అన్న మనిషి ముఖం చూసి కేసెట్ ఇచ్చేవాడు. ఊరి నుంచి కొత్తగా వచ్చిన ఆడపిల్ల ఏడుపు సినిమా అడిగితే ఎంత బతిమాలినా ఇచ్చేవాడు కాదు. "ఇప్పుడు నవ్వేది తీసుకపో. ఏడ్చేది ఆరునెల్లు అయినాక ఇస్తా" అనేవాడు. ఎవరు కేసెట్ వెనక్కి తిప్పకుండా తెచ్చినా విసుక్కోకుండా తనే తిప్పి, దుమ్ము ఊది, డబ్బాలో పెట్టేవాడు. ఎంత చెత్త సినిమా అయినా మధ్యలో ఆపనిచ్చేవాడు కాదు. "తీసినోడు కష్టపడి తీసినాడు. చివరిదాకా చూసి తిట్టండి" అనేవాడు.

తొంభయ్యో సంవత్సరం వేసవిలో ఎవరో అరబ్బు మాస్టారు కాపీ చేయమని ఒక కేసెట్ ఇచ్చి సెలవులకు వెళ్ళిపోయాడు. దాని మీద రష్యా అక్షరాలు తప్ప ఏమీ లేవు. అన్న ఒక మధ్యాహ్నం దాన్ని వేసి చూసి పైకి వచ్చాడు.

"చెల్లెమ్మా, ఒక సినిమా చూసినా. ఏమీ అర్థం కాలా. మల్లా చూసినా. ఇంకా అర్థం కాకుండా పోయింది" అన్నాడు. ముఖంలో నవ్వు లేదు.

తర్వాత నేనూ చూశాను. ఒకసారి కాదు, పరిస్థితుల వల్ల చాలాసార్లు. అందులో చుట్టూ మంచు. రైలు పట్టాల పక్కన ఒక ఇల్లు. ఒకాయన బావిలో నీళ్ళు తోడి తొట్టిలో పోస్తుంటాడు. ఆ నీళ్ళు తాగే పశువు ఏదీ కనబడదు. లోపల ఒకామె మనకు వీపు పెట్టి తెల్లగుడ్డ ఇస్త్రీ చేస్తుంటుంది. గుడ్డ మీద నీళ్ళు చల్లుతుంది, పెట్టె ఆనిస్తుంది, చుర్రుమంటుంది. ఒక్కసారీ వెనక్కి తిరగదు. అప్పుడప్పుడు రైలు వస్తుంది, ఆగకుండా పోతుంది. చివర ఎవరో ఆరుబయట బల్ల మీద పళ్ళేలు సర్దుతారు. తినడానికి ఎవరూ రారు. పళ్ళేల్లో మంచు పడుతూ ఉంటుంది. మాటలు బహు తక్కువ. సంగీతం అసలే లేదు. ఎండ మండిపోయే ఊళ్ళో, ఏసీ చప్పుడులో, ఆ మంచును చూస్తుంటే చల్లదనం కంటే భయమే ఎక్కువ వేసేది.

ఆగస్టులో ఇరాక్ సైన్యం వచ్చింది. పొద్దున్నే లేచేసరికి రోడ్డు మీద ట్యాంకులున్నాయి. మొదటి రోజుల్లో మాకు అది మనకు సంబంధించని గొడవ అనిపించింది. తర్వాత రొట్టెకు బారులు తీరడం మొదలైంది. షువైఖ్‌లో నా భర్త పనిచేసే గ్యారేజీలో బళ్ళన్నీ పట్టుకుపోయారు. కువైటీల ఇళ్ళల్లో జొరబడి మగవాళ్ళను తీసుకుపోతున్నారని విన్నాం.

అన్న షాపు ఒక కువైటీ పూచీదారు పేరు మీద ఉండేది. ఆ కఫీల్ కుటుంబమంతా సరిహద్దు దాటి సౌదీ వెళ్ళిపోయింది, తమ్ముడొక్కడు మిగిలిపోయాడు. పోలీసు శాఖలో కాగితాల ఉద్యోగం అతనిది. తుపాకీ పట్టి ఎరగడు, పైగా ఉబ్బసం. అయినా ఆ శాఖలో పనిచేసినవాళ్ళందరి కోసం వెతుకుతున్నారు. ఒక సాయంకాలం మీసం, గడ్డం తీసేసి, ఎవరివో పాత ప్యాంటూ చొక్కా వేసుకుని వచ్చి షాపు ముందు నిలబడ్డాడు. మన ఇండియావాళ్ళుండే అబ్బాసియాలో కువైటీ కోసం ఎవరూ వెతకరని అతని ఆశ.

కేసెట్ల అరల వెనక సన్నటి స్టోరుగది ఉండేది. అన్న అతన్ని అందులో పెట్టి, తలుపు మీదికి ఒక అర జరిపాడు. నా భర్త అన్నకు అడ్డం వచ్చాడు.

"అన్నా, దొరికినాడంటే మనందర్నీ గోడకు నిలబెట్టి కాలుస్తారు."

"తెలుసు."

"తెలిసి ఎట్లా పెట్టుకుంటివి?"

"సరే, నువ్వే పోయి చెప్పు. యాడికి పొమ్మని చెప్తావో చెప్పు."

నా భర్త అరల వైపు రెండడుగులు వేసి ఆగిపోయాడు. వెనక్కి తిరిగి పైకి వచ్చి మంచినీళ్ళు తాగాడు. ఆ రోజు నుంచి నేను ఇంకొక మనిషికి కూడా అన్నం వండాను.

కొన్నాళ్ళకు సైనికులు షాపులోకి వచ్చారు. నేను అన్నకు టీ ఇవ్వడానికి దిగి, మెట్ల మలుపులో ఇరుక్కుపోయాను. ఇద్దరు టీవీ వైరు పీకుతున్నారు. మూడో అతను పొడుగ్గా, కళ్ళద్దాల కాడకు దారం చుట్టుకుని ఉన్నాడు. అరల మీద చెయ్యి ఆనించి నడుస్తూ నడుస్తూ ఒకచోట ఆగాడు. కేసెట్ తీసి, దాని మీది రష్యా అక్షరాలు పైకి చదివాడు. అన్నను అరబ్బీలో అడిగాడు.

"ఇది నీకెక్కడిది?"

"ఎవరో కాపీకి ఇచ్చినారు."

"నువ్వు చూశావా?"

"చూసినా. అర్థం కాలేదు."

అతను గట్టిగా నవ్వాడు. అంతమంది సైనికుల్లో మనిషిలా నవ్వినవాణ్ణి నేను అప్పుడే చూశాను. మిగతావాళ్ళతో ఏదో చెప్పి టీవీ, డెక్కు అక్కడే పెట్టించాడు. తర్వాతి మధ్యాహ్నం ఒంటరిగా వచ్చి, తుపాకీ కౌంటర్‌కు ఆనించి, స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "వెయ్యి" అన్నాడు.

రష్యాలో ఇంజనీరు చదువు చదివాడట. ఈ సినిమాను అక్కడే ఒక హాల్లో చూశాడట. "పక్కన ఒకమ్మాయి కూర్చుంది. సగంలో నా భుజం మీద నిద్రపోయింది. ఆమెను లేపకూడదని చివరిదాకా కదలకుండా చూశాను" అని చెప్పాడు. మళ్ళీ మర్నాడు వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు. డ్యూటీ లేని మధ్యాహ్నాలన్నీ వచ్చాడు.

అతను వచ్చినంతకాలం వేరే సైనికులు షాపు గడప తొక్కలేదు. కానీ అతను కూర్చునే స్టూలుకూ, స్టోరుగదిలో మనిషికీ మధ్య కేసెట్ల మందం తప్ప ఏమీ లేదు. అది డిష్యుం డిష్యుం సినిమా అయితే ఇబ్బంది ఉండేది కాదు. ఈ సినిమాలో గుడ్డ మడత పెట్టినా వినబడుతుంది. లోపల ఉబ్బసం మనిషి, దుమ్ముపట్టిన గది.

అన్న అప్పుడు ఆ సినిమాను చెవులతో నేర్చుకున్నాడు. షాపు మూసుకుని, టీవీకి వీపు పెట్టి కూర్చుని, శబ్దాలు మాత్రం విన్నాడు. ఎక్కడ గాలి వీస్తుంది, ఎక్కడ బావి గిలక కిర్రుమంటుంది, ఎక్కడ రైలు పోతుంది అన్నీ పట్టుకున్నాడు. తర్వాత అర జరిపి, లోపలి అతనికి చిన్నపిల్లవాడికి చెప్పినట్టు చెప్పాడు.

"గిలక చప్పుడైతే ఊపిరి గట్టిగా తీసుకో. గాలి వచ్చినప్పుడు కాళ్ళు చాపుకో. దగ్గు మాత్రం రైలు వచ్చినప్పుడే దగ్గాల. రైలు పోయేదాకా ఎంతన్నా దగ్గు. పోయినాక ఖలాస్."

"రైలు రాకముందే దగ్గొస్తే?" అని అడిగాడతను.

"గుడ్డ కరుచుకో. రైలు వచ్చాది. రాకుండా ఉండదు" అన్నాడు అన్న.

కొన్ని మధ్యాహ్నాలు అట్లాగే గడిచాయి. నేను టీ పట్టుకుని దిగేదాన్ని. సైనికుడు లేచి గ్లాసు అందుకుని "షుక్రన్, ఉఖ్తీ" అనేవాడు, అక్కా అని. రైలు వచ్చే ముందు పట్టాలు సన్నగా మోగుతాయి. ఆ మోత వినగానే అన్న చేతివేళ్ళు కౌంటర్ మీద ముడుచుకునేవి. రైలు షాపంతా నిండిపోయేది. పోయాక అన్న నుదుటి చెమట తుడుచుకునేవాడు. ఒకసారి నేనే ధైర్యం చేసి సైనికుణ్ణి అడిగాను, సినిమాలో ఆమె ఎందుకు వెనక్కి తిరగదని. నా అరబ్బీ అతనికి అర్థం కావడానికి కొంతసేపు పట్టింది.

"రష్యాలో నేనూ అడిగాను. ఒక్కొక్కరు ఒక్కొక్కటి చెప్పారు. ఇప్పుడు నాకనిపిస్తోంది, మనల్ని చూడటం ఇష్టం లేదేమో" అన్నాడు. అని తన బూట్ల వైపు చూసుకున్నాడు.

ఆ రోజు రానే వచ్చింది. బయట దుమ్ముగాలి. షట్టర్ సగం దించినా ఇసుక లోపలికి వస్తోంది. తెర మీద ఆమె ఇస్త్రీ చేస్తోంది. రైలుకు ఇంకా చాలాసేపు ఉంది. లోపల దగ్గు మొదలైంది. మొదట గుడ్డలో నొక్కిన దగ్గు. తర్వాత నొక్కడానికి వీల్లేని దగ్గు.

నేను టీ గ్లాసు పట్టుకుని మెట్ల దగ్గరే ఆగిపోయాను. అన్న తనే దగ్గడం మొదలుపెట్టాడు. ఆ దొంగదగ్గు ఎంత అన్యాయంగా ఉందంటే, అంత భయంలోనూ నాకు సిగ్గేసింది. సైనికుడు తల తిప్పలేదు. తెర వైపే చూస్తున్నాడు. నెమ్మదిగా అన్నాడు.

"నువ్వెందుకు దగ్గుతావు? దగ్గు సినిమాలోది."

అన్న దగ్గడం ఆపేశాడు.

"ఇన్నిసార్లు చూశాను, ఇప్పటిదాకా గమనించలేదు. ఆ ఇంట్లో ఎవరో జబ్బుమనిషి ఉన్నట్టున్నాడు" అన్నాడు సైనికుడు. లేచి టీవీ దగ్గరకు వెళ్ళి శబ్దం పెంచాడు. ఇస్త్రీపెట్టె చుర్రుమన్న చప్పుడు షాపు గోడలకు తగిలింది. మళ్ళీ వచ్చి కూర్చున్నాడు. తుపాకీ ముట్టుకోలేదు. పళ్ళేల్లో మంచు పడి, తెర నల్లబడేదాకా కూర్చున్నాడు. కేసెట్‌ను తనే వెనక్కి తిప్పి, తీసి, అన్న చేతికిచ్చాడు. షట్టర్ కింద వంగుతూ, వీధి వైపు చూస్తూ చెప్పాడు.

"రేపు మావాళ్ళు ఈ వీధంతా వెతుకుతారు. నేను సినిమాకు రాలేను."

తెల్లవారగానే నా భర్త తన గ్రీజు బట్టలు కఫీల్ తమ్ముడికి తొడిగించాడు. చేతులకూ ముఖానికీ ఇంజనాయిల్ పూశాడు. ఎలాగో దాచుకున్న పాత పికప్పులో గడ్డిమోపులు వేసుకుని ఇద్దరూ కబ్ద్ బయలుదేరారు. కఫీల్ వాళ్ళకు అక్కడ ఎడారిలో గొర్రెల ఫారం ఉంది. దారిలో ఆపినచోట నా భర్త "ఇతను మూగవాడు, మా మెకానిక్" అని చెప్పాడట. సైనికులు ఆ నల్లటి ముఖం చూసి యల్లా, పోండి అన్నారట. నేను ఆ పగలంతా కిటికీ దగ్గర నిలబడి ఉన్నాను. మధ్యాహ్నం సైనికులు వచ్చి షాపు అరలన్నీ పడగొట్టారు. స్టోరుగదిలో చాప, నీళ్ళసీసా కనిపించాయి. "నేను పడుకునేది ఇక్కడే" అన్నాడు అన్న. ఒక దెబ్బ వేసి వెళ్ళిపోయారు. వాళ్ళలో కళ్ళద్దాలతను లేడు.

తర్వాత కూడా రాలేదు. అన్న రోజూ మధ్యాహ్నం షట్టర్ సగం ఎత్తి, స్టూలు తుడిచి పెట్టేవాడు. చివరకు వీధి మొగలో కాపలా ఉన్న సైనికుణ్ణి ఆపి అడిగాడు. నేను వద్దన్నాను, వినలేదు. వెళ్ళి వచ్చి మెట్ల మీద కూలబడ్డాడు.

"ఏమన్నాడన్నా?"

"అట్లాంటోడు మాలో లేడు అన్నాడు. కళ్ళద్దాలని చెప్పినా, పొడుగని చెప్పినా. అట్లాంటోడు ఎప్పుడూ లేడు, పో అన్నాడు."

"పేరు చెప్పి అడగాల్సింది."

"పేరు యాడ తెలుసు చెల్లెమ్మా. నేను అడగలా. అడిగితే వాడు నా పేరు అడుగుతాడని భయం."

చలి మొదలయ్యేలోగా మన దేశస్థులను బస్సుల్లో బాగ్దాద్ మీదుగా అమ్మాన్ చేర్చి, అక్కణ్ణుంచి విమానాల్లో పంపించారు. మేమూ బయలుదేరాం. అన్నను రమ్మని నా భర్త చెయ్యి పట్టుకుని లాగాడు. "కబ్ద్‌లో ఆ పిల్లోనికి మందు ఎవరు తీసకపోతారు? మీరు పోండి" అన్నాడు. బస్సు కదిలాక చూస్తే షాపు ముందు నిలబడి ఉన్నాడు. చెయ్యి ఊపలేదు. మనిషి ఒక్క నెలలో అంత ముసలివాడు కావడం నేనెప్పుడూ చూడలేదు.

అమెరికా సేనలు ఇరాక్ సైన్యాన్ని తరిమేసి, యుద్ధం అయిపోయిన మరుసటి సంవత్సరం మేము తిరిగి వచ్చాం. అన్న షాపు మళ్ళీ తెరిచాడు. కఫీల్ తమ్ముడు బతికి బయటపడ్డాడు. ఒక శుక్రవారం మిఠాయి పెట్టె పట్టుకుని వచ్చాడు. అన్న ఆ కేసెట్ తీసి, "ఇన్నాళ్ళు విన్నావు, ఒకసారి చూడు" అన్నాడు.

అతను చేతులు వెనక్కి తీసుకున్నాడు. "వద్దు. నాకు తెలిసిన సినిమా వేరు. అందులో ఒకామె పొద్దస్తమానం ఏదో వేయిస్తుంటుంది. నాకు ఆకలేసేది. రైలు దిగి ఎవరో ఆ ఇంటికి భోజనానికి వస్తారు."

ఆమె చేసేది వంట కాదని అన్న చెప్పలేదు, ఆ రైలు ఆగదని చెప్పలేదు. కేసెట్‌ను డబ్బాలో పెట్టి మూతపెట్టాడు. ఆ మాస్టారు తిరిగి రాలేదు కాబట్టి అది ఆయన దగ్గరే ఉండిపోయింది.

ఆ తర్వాత అన్న చాలా ఏళ్ళు షాపు నడిపాడు. కేసెట్ల కాలం పోయింది, డిస్కుల కాలం వచ్చింది, అదీ పోయింది. చివరకు ఇఖామా, అంటే అక్కడ ఉండే అనుమతి, రద్దు చేసుకుని రాయచోటి వెళ్ళిపోయాడు. షాపు ఉన్నన్నాళ్ళూ నవ్వే సినిమాలు ఇవ్వడం మానలేదు గానీ, మాట మధ్యలో ఆగి దూరంగా ఏదో వింటున్నట్టు ఉండేవాడు. మేము అడిగేవాళ్ళం కాదు. నా భర్త పోయినప్పుడు ఫోన్ చేసి ఎంతోసేపు ఏమీ మాట్లాడలేదు. "ఉండానమ్మా, ఫోన్లోనే ఉండా" అని మాత్రం మధ్యమధ్యలో అన్నాడు. ఆ పూట నాకు కావలసింది అదే.

పోయిన సెలవుల్లో చూడటానికి వెళ్ళాను. మంచం మీద దిండుకు ఆనుకుని కూర్చున్నాడు. కూతురు టీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది. మేము సాధారణంగా ఆ రోజుల గురించి మాట్లాడుకోం. ఆ రోజు ఆయనే ఎత్తాడు.

"చెల్లెమ్మా, నీకొకటి చెప్పలా. ఇరాకోళ్ళు పారిపోయినాక నేను ఉత్తరం రోడ్డుకు పోయినా."

ఆ రోడ్డు గురించి మాకు తెలుసు. వెనక్కి పోతున్న ఇరాక్ సైన్యం మీద అమెరికావాళ్ళ విమానాలు బాంబులు వేసిన రోడ్డు. అన్న వెళ్ళేసరికి శవాలను తీసేశారట, బళ్ళు మాత్రం మిగిలాయట. లారీలు, కార్లు, స్కూలు బస్సులు, ఎక్కడెక్కడివో పట్టుకుపోయినవన్నీ, ఒకదాన్నొకటి గుద్దుకుని కాలిపోయి ఉన్నాయట. దక్షిణాన ఇరాక్ సైన్యం పోతూ పోతూ అంటించిన చమురుబావులు తగలబడుతున్నాయి. మధ్యాహ్నమైనా ఆకాశం నల్లగా ఉంది, మసి వాన పడుతోంది.

"ఎందుకు పోయినావన్నా?"

"వాడు ఉండాడేమో చూద్దామని."

"కనబడినాడా?"

"లేదు. కనబళ్ళేదు కాబట్టి బతికిపోయినాడనుకున్నా. ఒక్కో దినం అనుకుంటా, ఒక్కో దినం అనుకోలేను." ఆయన దుప్పటి అంచు సరిచేసుకున్నాడు. "పిలుద్దామంటే పేరు తెలీదు గదా. ఏమని పిలిచేది? అందుకని ఒక్కొక్క బండీ చూసినా."

కూతురు టీ తెచ్చింది. ఆయన గ్లాసు అందుకుని వేరే మాటలు మొదలుపెట్టాడు. నా ప్రయాణం, నా మోకాళ్ళ నొప్పి, ఊళ్ళో కొత్తగా వేస్తున్న రోడ్డు.

నేను చూడని ఆ మధ్యాహ్నమే ఇప్పుడు నా కళ్ళ ముందు కదలకుండా ఉంది. పగలే లైట్లు వేసుకుని ఎవరో దూరంగా జీపులో పోతున్నారు. కనుచూపు మేరా కాలిన బళ్ళ వరస. తడి తువ్వాలు చేతిలో పట్టుకుని అన్న ఒక లారీ దగ్గర ఆగి, అద్దం మీది మసి తుడిచి, రెండు చేతులూ కళ్ళ పక్కన పెట్టుకుని లోపలికి చూస్తున్నాడు. తుడిచినచోట మళ్ళీ నల్లటి చుక్కలు పడుతున్నాయి. ఆయన తువ్వాలు పిండుకుని తర్వాతి బండి దగ్గరకు నడుస్తున్నాడు.